ఆరేళ్లుగా నిండుగా ఉన్న గ్లాక్ 19: స్ప్రింగు, తూటా, ఉక్కుపెట్టె

హ్యూస్టన్ పడమటి శివారులోని కేటీలో మా ఇల్లు. 2019 జనవరిలో, మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడిన కొన్ని వారాలకు, నేను గ్లాక్ 19 ఐదో తరం పిస్తోలు కొన్నాను. పన్ను కాకుండా సుమారు 550 డాలర్లు అయింది. శుభ్రం చేసిన గంటలూ, తుపాకీ సాధన చేసే రేంజికి తీసుకువెళ్లిన రోజులూ మినహాయిస్తే, ఆ నాటి నుంచి అది తూటాలు నింపి పిడిలోకి తోసే డబ్బీ అయిన మ్యాగజైను నిండుగానే ఉండి, మా పడకగదిలో తాళం వేసిన పెట్టెలో ఉంది. కొత్తగా కొన్న వారంలోపు రాసే సమీక్షలకు కొదవ లేదు. గురి ఎంత బాగా కుదిరింది, పిడి చేతికి ఎలా అమరింది అన్న సంగతులే వాటి నిండా ఉంటాయి. ఇంటి రక్షణకని కొన్న తుపాకీ మొత్తం ఆయుష్షులో పేలే నిమిషాలు బహు స్వల్పం, ఊరికే పడి ఉండే రోజులే ఎక్కువ. ఆ ఊరికే పడి ఉండటంలో ఇది ఎలా నిలిచిందో చెప్పడమే ఇక్కడ నా పని.

ముందుగా మనవాళ్లలో చాలామందికి తెలియని ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు వంటివి కొన్ని ఉన్నాయి గానీ, అవి ఎవరికి ఎంతవరకు వర్తిస్తాయో న్యాయవాదిని అడిగి తేల్చుకోవలసిందే తప్ప స్నేహితుల మాట మీద నడవవలసినవి కావు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హులైనవారు పర్మిట్ లేకుండానే పిస్తోలు వెంట తీసుకువెళ్లవచ్చు కదా అని కొందరు వాదిస్తారు. ఆ రాష్ట్ర చట్టం ఫెడరల్ చట్టం నిషేధించినవారికి ఏ హక్కునూ ఇవ్వదు. నేను గ్రీన్ కార్డు చేతికి వచ్చే దాకా ఆగి, ఆ తరువాతే దుకాణంలో తుపాకీ కొనేవారు నింపవలసిన ఫెడరల్ 4473 ఫారం నింపాను.

ఇక పిస్తోలు సంగతి. గ్లాక్ ఆస్ట్రియా దేశపు సంస్థ. 1982లో ఆ దేశపు సైన్యం స్వీకరించిన గ్లాక్ 17 దీనికి అన్న వరస అవుతుంది. దాన్ని కాస్త కుదించి 1988లో గ్లాక్ 19 తెచ్చారు. నా దగ్గరున్న ఐదో తరం 2017లో వచ్చింది. దీని గొట్టం పొడవు 102 మిల్లీమీటర్లు, ఖాళీ మ్యాగజైనుతో బరువు 670 గ్రాములు, నిండు మ్యాగజైనుతో సుమారు 855 గ్రాములు. మ్యాగజైనులో 15 తూటాలు పడతాయి. మ్యాగజైను పైకి ప్లాస్టిక్కులా కనిపించినా లోపల ఉక్కు తొడుగు ఉంటుంది. దాని వెనుక వైపు 4 నుంచి 15 వరకు అంకెలు వేసిన చిన్న రంధ్రాలుంటాయి కాబట్టి, 15వ రంధ్రంలో తూటా అంచు మెరుస్తూ కనిపిస్తే అది నిండుగా ఉందని అర్థం. ఆరేళ్లలో ఎన్నిసార్లు టార్చిలైటు వేసి ఆ రంధ్రంలోకి చూశానో లెక్క లేదు. చిన్న సదుపాయమే అయినా, తూటాలు తీయకుండా లెక్క తెలుసుకొనే వీలుండటం ఎంత అవసరమో ముందు ముందు చెప్పబోయే నా పొరపాటు చదివితే అర్థమవుతుంది.

ఈ పిస్తోలుకు వేలితో తిప్పే సేఫ్టీ మీట లేదు. ట్రిగ్గరు మధ్యలో ఉండే చిన్న పలక, తూటాను పేల్చే సూది అయిన ఫైరింగ్ పిన్నుకు అడ్డంగా నిలిచే కట్టు, కింద పడినప్పుడు పేలకుండా ఆపే ఏర్పాటు, ఈ మూడూ వాటంతట అవే పని చేస్తాయి. వేలు ట్రిగ్గరును నిండుగా లాగితే మూడూ ఒకటి తరువాత ఒకటి విడిపోతాయి, వదిలితే మళ్లీ పడతాయి. దీన్ని కొందరు గొప్ప గుణమంటారు, కొందరు పెద్ద లోటంటారు. నా మటుకు నాకు ఇది మంచి ఏర్పాటే గానీ, పేలడానికి తూటా కూర్చునే గది అయిన చాంబర్‌లో తూటా ఉన్న గ్లాక్‌ను ట్రిగ్గరును పూర్తిగా కప్పే గట్టి ఒరలోనో, తాళం వేసిన పెట్టెలోనో తప్ప మరెక్కడా ఉంచకూడదు. తలగడ కింద, సొరుగులో, చేతిసంచిలో విడిగా పడేసే పిస్తోలు ఇది కాదు.

స్ప్రింగు ప్రశ్న నన్ను మొదట అడిగింది ఇక్కడివారు కాదు, తెనాలి దగ్గర రైసు మిల్లు నడుపుతున్న మా బావగారు. ఆయనకు ఏనాటిదో లైసెన్సు రివాల్వరు ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించి, ఫలితాలు వచ్చాక రసీదు చూపించి తెచ్చుకుంటారు. నేను పిస్తోలు కొన్నానని ఫోనులో చెప్పగానే, "ఏమయ్యా, పదిహేను తూటాలు కుక్కి అట్లాగే ఉంచితే ఆ స్ప్రింగు చచ్చిపోదూ? మా రివాల్వరుకు ఆ బెడదే లేదు" అన్నారు. ఆయన అన్నదాంట్లో సగం నిజం. రివాల్వరులో తూటాలు గుండ్రటి సిలిండరు గదుల్లో ఊరికే కూర్చుని ఉంటాయి, వాటిని పైకి నెట్టే స్ప్రింగు లేదు. సుత్తి దించి ఉంటే దాని స్ప్రింగు మీద కూడా పెద్ద ఒత్తిడి ఉండదు. పిస్తోలులో అలా కాదు. మ్యాగజైను నిండినకొద్దీ అడుగునున్న స్ప్రింగు నలిగి, పదిహేనో తూటాకు దాదాపు పూర్తిగా ముడుచుకుపోతుంది.

కానీ ముడుచుకుపోయి ఉన్నంత మాత్రాన ఉక్కు స్ప్రింగు చచ్చుబడదు. తీగ తన సాగుడు హద్దుకు, అంటే వదిలితే మళ్లీ మునుపటి ఆకారానికి వచ్చేంత వంపుకు, లోబడి వంగినంతకాలం, మామూలు ఇంటి వేడిలో, రోజులు గడిచినందువల్ల అది కోల్పోయే బలం చాలా తక్కువ. కొత్త స్ప్రింగు మొదటి కొన్ని సార్లు నలిగినప్పుడు కొద్దిగా కుంగుతుంది, ఆపైన ఆ పొడవు దగ్గరే స్థిరపడుతుంది. దాన్ని నిజంగా అరగదీసేది పదే పదే నలగడం, విడవడం. ఇనుప తీగను ఒకే చోట అటూ ఇటూ వంచితే తెగుతుంది, వంచి కట్టి ఉంచితే తెగదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. చిన్న పిడిలో ఎక్కువ తూటాలు పట్టించాలని తీగను హద్దు అంచుకు తోసే మ్యాగజైన్లు కూడా ఉంటాయి, వాటిలో ఊరికే నలిగి ఉండటం వల్ల కూడా కొంత నష్టం జరగవచ్చు. గ్లాక్ 19 పదిహేను తూటాల మ్యాగజైను ఆ కోవలోకి రాదన్నది నా అనుభవం.

అనుభవమంటే ఊహ కాదు, కొలిచి చూశాను. కొన్నప్పుడు పిస్తోలుతో పాటు మూడు మ్యాగజైన్లు వచ్చాయి. ఒకదాని అడుగున తెల్ల రంగుతో చుక్క పెట్టి, 2019 ఫిబ్రవరిలో 15 తూటాలు నింపి, పెట్టెలో ఒక మూల ఉంచేశాను. రెండోది పిస్తోలులో ఉండేది. మూడోది రేంజికి మాత్రమే వాడి, ప్రతి సారీ నింపి, ప్రతి సారీ ఖాళీ చేశాను. అయిదేళ్ల తరువాత, 2024 మార్చిలో, చుక్క పెట్టిన మ్యాగజైను తీసుకువెళ్లి పదిహేనూ కాల్చాను. ఒక్కటీ ఇరుక్కోలేదు, చివరి తూటా పేలగానే, పిస్తోలు పైభాగంలో ముందుకూ వెనక్కూ జారే స్లైడు వెనక్కి వెళ్లి ఎప్పటిలాగే ఆగింది. ఇంటికి వచ్చి అడుగు పలక ఊడదీసి స్ప్రింగు బయటికి తీశాను. కొత్తగా కొన్న స్ప్రింగు పక్కన పెడితే ఇది ఒక వేలు వెడల్పంత పొట్టిగా ఉంది. రేంజి మ్యాగజైను స్ప్రింగు దీనికంటే ఇంకా ఒక పిసరు పొట్టిగా ఉంది. ఒక ఇంట్లో ఒక మనిషి మూడు స్ప్రింగులతో చేసిన కొలత ఇది, దీన్ని ప్రయోగశాల ఫలితంగా ఎవరూ ఎత్తి చూపవద్దు. బావగారి భయం నాకు పోవడానికి మాత్రం ఇది చాలింది.

నిండు మ్యాగజైనుతో నాకు ఎదురైన ఇబ్బంది వేరే ఉంది. స్లైడు ముందుకు మూసి ఉండగా, 15 నింపిన కొత్త మ్యాగజైను పిడిలోకి తోస్తే కొన్నిసార్లు పూర్తిగా కొక్కేనికి పడదు. పై తూటాను స్లైడు కిందికి నొక్కవలసి ఉంటుంది, కింద స్ప్రింగుకు ఇక చోటు ఉండదు. అరచేతితో గట్టిగా కొడితే పడుతుంది. కొట్టిన తరువాత కిందికి లాగి చూడటం అలవాటు చేసుకోవాలి. నేను మొదటి నెలలో ఒకసారి చూడలేదు. మర్నాడు పెట్టె తెరిచి పిస్తోలు పైకెత్తితే మ్యాగజైను జారి తివాచీ మీద పడింది. అప్పటి నుంచి పిస్తోలులో ఉండే మ్యాగజైనులో 14 మాత్రమే నింపుతున్నాను. స్ప్రింగు మీద జాలితో తీసుకున్న నిర్ణయం కాదిది, కొక్కెం పడిందన్న నమ్మకం కోసం.

ఇప్పుడు నా పొరపాటు. మొదటి రెండేళ్లు చాంబర్‌లో ఒక తూటా ఉంచి, 14 తూటాల మ్యాగజైనుతో పెట్టెలో పెట్టేవాణ్ని. ప్రతి శనివారం పొద్దున పిస్తోలు తీసి, మ్యాగజైను ఊడదీసి, స్లైడు లాగి ఆ తూటాను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ అదే తూటాను మ్యాగజైను మీద పెట్టి చాంబర్‌లోకి ఎక్కించేవాణ్ని. శ్రద్ధగా చూసుకుంటున్నానని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. రెండేళ్లంటే సుమారు వంద శనివారాలు. ఒక రోజు ఆ తూటాను బల్ల మీద మిగతావాటి పక్కన నిలబెడితే, అది వాటికంటే పొట్టిగా కనిపించింది. కాలిపర్‌తో కొలిచాను. పెట్టెలోని తాజా తూటా 28.3 మిల్లీమీటర్లు ఉంటే, నా శనివారపు తూటా 27.5 ఉంది. స్లైడు విసురుగా ముందుకు వచ్చిన ప్రతి సారీ తూటా మొన చాంబర్ ముందుండే ఏటవాలు అంచైన ర్యాంపుకు తగిలి, గుండు రవ్వంత చొప్పున ఇత్తడి గుల్లలోకి దిగబడిపోయింది.

ఇది కంటికి చిన్న తేడా, లోపల చిన్నది కాదు. ఈ పిస్తోలు వాడే 9 మిల్లీమీటర్ల తూటా గుల్ల అసలే ఇరుకు. గుండు లోపలికి దిగినప్పుడు మందు కాలడానికి ఉన్న చోటు తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి ఉండవలసినదానికంటే పెరుగుతుంది. అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ అయిన సామీ ఈ తూటాకు నిర్ణయించిన గరిష్ఠ సగటు ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. ఆ లెక్కను దాటించగల పని నేను వారం వారం నా చేతులతోనే చేస్తూ వచ్చానన్నమాట. మాటిమాటికీ ఎక్కించి దించడం వల్ల, తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న మూత అయిన ప్రైమర్‌లోని పేలుడు పూత పగిలి రాలి, అవసరమైన క్షణంలో తూటా పేలకపోయే ముప్పు కూడా ఉంది. ఆ పొట్టి తూటాను కాల్చకుండా రేంజి వాళ్లకు అప్పగిస్తే, దాన్ని పడవేయడానికి వాళ్ల దగ్గర వేరే డబ్బా ఉంది. డబ్బా సగం నిండి ఉంది. అంటే ఈ శనివారపు భక్తి నాకొక్కడికే లేదు.

ఆవకాయ జాడీ మూతకు గుడ్డ కట్టి అటక మీద ఉంచితే ఏడాదైనా నిలవుంటుంది. బూజు పట్టేది రోజూ మూత తీసి తడి గరిటె పెట్టే జాడీకే. నింపిన పిస్తోలు విషయంలో కూడా ఆరేళ్లలో నేను నేర్చుకున్నది అంతే. స్ప్రింగు ఊరికే ఉండి చెడలేదు, తూటాలు ఊరికే ఉండి చెడలేదు. చెడినదల్లా నేను చేయి పెట్టినదే.

2021లో పద్ధతి మార్చాను. ఇప్పుడు చాంబర్ ఖాళీ, మ్యాగజైనులో 14, పిస్తోలు పెట్టెలో. అవసరం వస్తే స్లైడు ఒకసారి లాగాలి. ఆ ఒక్క క్షణం కూడా లేని పరిస్థితి రావచ్చని, రెండు చేతులూ ఖాళీగా ఉండకపోవచ్చని శిక్షకుల్లో చాలామంది దీన్ని ఒప్పుకోరు. వాళ్ల వాదనలో బలం ఉంది. ఒంటి మీద ఒరలో పిస్తోలు పెట్టుకొని తిరిగేవారికి నేను ఈ సలహా ఇవ్వను. మా ఇంట్లో పిల్లవాడు ఉన్నాడు, పిస్తోలు పెట్టె దాటి ఎక్కడికీ పోదు, పెట్టె తెరవడానికే నాకు మూడు నాలుగు సెకన్లు పడుతుంది. ఆ లెక్కలో స్లైడు లాగే సమయం నాకు పెద్దగా తోచలేదు. పైగా చాంబర్ ఖాళీగా ఉంటే, తీసి పెట్టడంలో తూటా నలిగే ప్రసక్తే ఉండదు.

తూటాల ఎంపికలో నేను తరువాత చింతించని ఖర్చు ఒకటి చేశాను. సాధనకు మామూలు ఇత్తడి గుల్లలవి వాడినా, పెట్టెలో ఉంచేవి మాత్రం నికెల్ పూత ఉన్న గుల్లలతో, ప్రైమర్ చుట్టూ తేమ చొరకుండా లక్క వంటి పూత వేసినవి తీసుకున్నాను. 124 గ్రెయిన్లు, అంటే 8 గ్రాముల బోలు మొన గుండ్లు. 2020లో తూటాలకు కరవు వచ్చి ధరలు ఎగబాకినప్పుడు వీటిని మార్చడం ఏడాది వాయిదా వేశాను, ఏమీ కాలేదు. చల్లని, పొడి చోట ఉంచిన కర్మాగారపు తూటాలు దశాబ్దాలు నిలుస్తాయి. మందులో కలిపే స్థిరీకరణ రసాయనం నెమ్మదిగా ఖర్చవుతుంది, వేడి పెరిగినకొద్దీ ఆ ఖర్చు త్వరపడుతుంది. అందుకే హ్యూస్టన్ ఎండలో కారు గ్లవ్ బాక్సులో ఏళ్ల తరబడి ఉంచే తూటాల మీద నాకు నమ్మకం తక్కువ, కారులోంచి తుపాకులు దొంగిలించేవారి మీద నమ్మకం ఎక్కువ. నూనె సంగతి కూడా చెప్పాలి. చాంబర్ లోపలా, మ్యాగజైను లోపలా నూనె పూయకూడదు. స్లైడు జారే పట్టాల మీద నాలుగైదు చుక్కలు వేసి తుడిస్తే ఈ పిస్తోలుకు చాలు. కొబ్బరినూనె రాసిన జడలా నిగనిగలాడించాలని చూస్తే ఆ నూనె కారి ప్రైమర్ల దగ్గరికి చేరుతుంది.

తోలు సంచుల గురించి ఒక మాట. బావగారు ఇరవై ఏళ్ల కిందట కొన్న తోలు పటకాలో తూటాలు గుచ్చి ఉంచేవారు. నేను 2022లో ఊరికి వెళ్లినప్పుడు వాటిని తీసి చూపించారు. ఇత్తడి మీద, సరిగ్గా తోలు తగిలే చోట, పచ్చని చిలుము గడ్డ కట్టి ఉంది. గోటితో గీస్తే పొడిలా రాలింది, కింద ఇత్తడి గుంటలు పడి ఉంది. తోలు పదును చేయడానికి వాడే రసాయనాలూ, అది పీల్చుకున్న తేమా కలిసి చేసే పని అది. కృష్ణా డెల్టా గాలికి హ్యూస్టన్ గాలికి తేమలో పెద్ద భేదం లేదు. మా పెట్టెలో తోలు లేదు, నురుగు పరుపు ఉంది, దాని పక్కన రెండు సిలికా జెల్ డబ్బాలు ఉన్నాయి. వాటి గింజలు రంగు మారగానే ఓవెన్‌లో ఆరబెట్టి తిరిగి పెడతాను.

పెట్టె సంగతికి వస్తే, నింపిన పిస్తోలు సమీక్షలో సగం మార్కులు దీనికే కేటాయించాలి. దుకాణంలో పిస్తోలుతో పాటు తీగతాళం ఒకటి ఇస్తారు. లైసెన్సు ఉన్న దుకాణదారు పిస్తోలు అమ్మేటప్పుడు ఏదో ఒక భద్రతా సాధనం ఇచ్చి తీరాలని 2005 నాటి ఫెడరల్ చట్టం చెబుతుంది. ఆ తీగ గొట్టంలోంచో, మ్యాగజైను చోటులోంచో దూరుతుంది కాబట్టి నింపిన పిస్తోలుకు పనికిరాదు. నింపి ఉంచాలంటే పెట్టె ఒక్కటే దారి. టెక్సస్ శిక్షాస్మృతిలోని 46.13 సెక్షన్ ప్రకారం, 17 ఏళ్లు నిండని పిల్లల చేతికి నింపిన తుపాకీ అందేలా అజాగ్రత్తగా వదిలేయడం నేరం. ఆ తుపాకీ పేలి ప్రాణం పోతేనో, తీవ్ర గాయమైతేనో శిక్ష ఏడాది జైలు, 4,000 డాలర్ల జరిమానా దాకా పోతుంది. అలాంటిది జరిగిన ఇంట్లో ఆ జరిమానా ఎవరికి గుర్తుంటుంది.

నేను మొదట కొన్నది వేలిముద్రతో తెరుచుకునే పెట్టె. తయారుచేసినవారి పేరు చెప్పను. చలికాలంలో వేలు పొడిబారితే అది నన్ను గుర్తుపట్టేది కాదు, కూరగాయలు కడిగిన చేత్తో మా ఆవిడ వేలు పెడితే అసలే కాదు. అదొక చికాకు మాత్రమే. 2023 అక్టోబరులో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం మరో రకం వేలిముద్ర పెట్టెలు సుమారు 61,000 వెనక్కి పిలిపించింది. వేలిముద్ర నమోదైందని యజమాని అనుకున్నా, పెట్టె ఎవరి వేలికైనా తెరుచుకోవచ్చట. 12 ఏళ్ల బాలుడి మరణం మీద వేసిన దావా కూడా ఆ ప్రకటనలో ఉంది. అది చదివిన రాత్రి మా పెట్టె మీద మా అబ్బాయి పది వేళ్లూ ఒక్కొక్కటిగా పెట్టించి చూశాను. తెరుచుకోలేదు. అయినా మర్నాడు గుండ్రటి మీటలు వరసగా నొక్కే యంత్రపు తాళం పెట్టె తెచ్చి, నాలుగు మరలతో మంచం పక్కన బల్లకు బిగించాను. దీనికి బ్యాటరీ లేదు, చీకట్లో వేళ్ల లెక్కతో తెరవవచ్చు.

బ్యాటరీ లేకపోవడం ఎంత మేలో 2024 జులై 8న బెరిల్ తుపాను హ్యూస్టన్ మీద పడినప్పుడు తెలిసింది. మా ఇంట్లో అయిదు రోజులు కరెంటు లేదు. కరెంటు పోయినా గ్యాసు పొయ్యి ఉందని రెండు స్నేహితుల కుటుంబాలు మా ఇంటికి చేరాయి. మొత్తం అయిదుగురు పిల్లలు, పదకొండు మంది మనుషులు. రెండో రోజు రాత్రి నాలుగేళ్ల పాప ఒకతె దాగుడుమూతల్లో మా మంచం పక్కకు దూరి, పెట్టె మీటలను టక్ టక్ మని నొక్కుతూ కూర్చుంది. చప్పుడు విని వెళ్లి చూసేసరికి, వెలుగుతున్న టార్చి ఒళ్లో పెట్టుకొని, పియానో వాయిస్తున్నట్టు నొక్కుతోంది. తలుపు కదలలేదు. పాపను ఎత్తుకొని బయటికి తెచ్చాను గానీ, ఆ రాత్రి అందరూ పడుకున్నాక పిస్తోలులోంచి మ్యాగజైను తీసి, దాన్ని వేరే గదిలో తాళం వేసిన బీరువాలో పెట్టాను. అతిథులు వెళ్లిన తరువాతే మళ్లీ కలిపాను. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎవరున్నారు అన్నదాన్ని బట్టి నింపి ఉంచాలా వద్దా అన్న నిర్ణయం మారాలి. ఏళ్ల తరబడి నింపి ఉంచవచ్చంటే ఏళ్ల తరబడి ఆలోచించకుండా ఉండవచ్చని కాదు. అత్యవసరానికి ఇచ్చిన తాళంచెవి అప్పటిదాకా వంటింట్లో వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వెనుక మేకుకు వేలాడేది. ఇప్పుడు నా జేబులోని గుత్తిలో ఉంటుంది.

శుభ్రం చేయడం గురించి ఒక హెచ్చరిక లేకుండా గ్లాక్ సమీక్ష రాయకూడదు. ఈ పిస్తోలును విప్పాలంటే ముందు ట్రిగ్గరు లాగాలి. చాంబర్‌లో తూటా మిగిలి ఉంటే అప్పుడే పేలుతుంది. శుభ్రం చేస్తుండగా పేలిందని వినవచ్చే కథల్లో కొన్నింటికి మూలం ఇదే. వరస తప్పకూడదు. ముందు గొట్టం సురక్షితమైన దిక్కుకు తిప్పి, మ్యాగజైను ఊడదీయాలి, ఆ తరువాతే స్లైడు లాగాలి. వరస తారుమారై ముందు స్లైడు లాగి తరువాత మ్యాగజైను తీస్తే, ఒక తూటా బయటికి పోయి మరొకటి మ్యాగజైనులోంచి చాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. చూసేవాడు మాత్రం ఖాళీ చేశాననే అనుకుంటాడు. స్లైడు వెనక్కి ఆపి, కంటితో చూసి, చిటికెన వేలు చాంబర్‌లో పెట్టి తడిమి చూస్తాను. తూటాలన్నీ అప్పటికే మరో గదిలో ఉంటాయి. ఆరేళ్లయింది కదా అని ఒక్క మెట్టు కూడా తగ్గించలేదు.

లోటుపాట్లు చెప్పాలంటే, ట్రిగ్గరు లాగుడు సుమారు రెండున్నర కిలోల బరువుతో, మొదట మెత్తగా వచ్చి చివర గోడలా ఆగి, తటాలున తెగుతుంది. సొంపైనది కాదు, కానీ ఆరేళ్లలో మారనూ లేదు. పిస్తోలు ధర చూస్తే, గురి చూసుకునే భాగాలను ప్లాస్టిక్‌తో చేయడం పిసినారితనంగా తోస్తుంది. మ్యాగజైను నింపేటప్పుడు చివరి మూడు తూటాలకు బొటనవేలు కందిపోతుంది. పిస్తోలుతో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ సాధనం వాడితే ఆ బాధ లేదు. స్లైడు మీది నల్లపూత ఈ తేమలో కూడా చెక్కు చెదరలేదు, తుపాను వారంలో చల్లదనం లేని ఇంట్లో ఉన్నప్పుడు కూడా దాని మీద తుప్పు చుక్క కనిపించలేదు. సాధన తూటాల ఇత్తడి మాత్రం ఆ వారంలోనే మసకబారింది. స్లైడును ముందుకు తోసే స్ప్రింగును రేంజి వాడకం లెక్కన మార్చాలి తప్ప పెట్టెలో గడిచిన ఏళ్ల లెక్కన కాదు. నేను ఇంతవరకు సుమారు 2,600 తూటాలు కాల్చాను, ఇంకా మార్చలేదు.

నా వరకు ఇప్పుడున్న ఏర్పాటు ఇది. మూడు నెలలకొకసారి పెట్టె తెరిచి, మ్యాగజైను రంధ్రాల్లోంచి లెక్క చూసి, పిస్తోలు తుడిచి, సిలికా జెల్ మార్చి మూసేస్తాను. ఏడాదికొకసారి, జనవరిలో, పెట్టెలోని తూటాలను రేంజిలో కాల్చేసి కొత్తవి నింపుతాను. తూటాలు చెడతాయని కాదు, వాటితో నా చేయి ఎలా ఉందో ఏడాదికొకసారైనా చూసుకోవాలని. ఈ జనవరిలో మార్చినప్పుడు అవన్నీ పేలాయి. చుక్క పెట్టిన మ్యాగజైనులో పాత స్ప్రింగునే తిరిగి వేసి, మళ్లీ 15 నింపి, అడుగున పాత తేదీ కింద కొత్త తేదీ రాసి అదే మూలన పెట్టాను. బావగారు మొన్న ఫోనులో దాని సంగతి అడిగారు. ఆయన రివాల్వరు మాత్రం పోయిన ఎన్నికలకు స్టేషనుకు వెళ్లి వచ్చినప్పటి నుంచి సిలిండరు కాస్త బిగుసుకుని తిరుగుతోందట.